కిరణ్ అనే పేరు: ఎక్కడిది, ఎవరిది

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకులు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాము. తడబాట్లు మాత్రమే తీసివేశాము.)

సభకు నమస్కారం. పేర్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. పేర్లన్నిటి గురించీ మాట్లాడటానికి ఒక సాయంత్రం చాలదు కనుక నేను ఒక్క పేరునే తీసుకుంటున్నాను. ఆ పేరు కిరణ్. ముందుగా ఒక చిన్న పని చేద్దాం. ఈ సభలో కిరణ్ అనే పేరున్నవారు, లేదా పేరులో ఎక్కడో ఒకచోట కిరణ్ అన్న ముక్క ఉన్నవారు దయచేసి చేతులు ఎత్తండి. మంచిది. సాయికిరణ్, రవికిరణ్, కిరణ్ కుమార్. వెనుక వరుసలో ఆ అమ్మాయి? కిరణ్మయి. చాలా సంతోషం. చూశారా, మగవాళ్లలో కిరణ్ చివరనో ఒంటరిగానో ఉంది, అమ్మాయి పేరులో కిరణ్ తర్వాత ఇంకొక తోక ఉంది. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. నా ప్రసంగమంతా దాదాపు ఆ తోక గురించే.

క్రికెట్ చూసేవారు చాలామందే ఉన్నారు కాబట్టి అక్కడినుంచి మొదలుపెడతాను. కిరణ్ మోరే అనగానే మీకు వికెట్ కీపరు గుర్తుకు వస్తాడు. 1988లో మద్రాసు టెస్టులో వెస్టిండీస్ మీద ఒకే మ్యాచ్‌లో ఆరు స్టంపింగులు చేసినవాడు. 1990లో లార్డ్స్‌లో గ్రాహం గూచ్ 36 పరుగుల మీద ఉండగా క్యాచ్ వదిలేసినవాడు కూడా ఆయనే. ఆ గూచ్ 333 కొట్టి గాని ఆగలేదు. ఇప్పుడు మరొక కిరణ్ పేరు చెబుతాను. కిరణ్ బలోచ్. 2004లో కరాచీలో, అదే వెస్టిండీస్ జట్టు... కాదు, వెస్టిండీస్ మహిళల జట్టు మీద ఒక ఇన్నింగ్సులో 242 పరుగులు చేసిన పాకిస్తానీ క్రీడాకారిణి. మహిళల టెస్టు క్రికెట్టులో అంతకు మించిన వ్యక్తిగత స్కోరు లేదు. పేరు ఒకటే, అక్షరాలు ఒకటే, అర్థం ఒకటే. ఒకరు బరోడా మనిషి, ఒకరు పాకిస్తాన్ మహిళ. తెలుగు దేశంలో కూర్చుని కిరణ్ బలోచ్ అని వింటే, మనలో ఎంతమందిమి ముందుగా ఒక మగవాణ్ణి ఊహించుకోము? నేనైతే ఊహించుకుంటాను.

ఇదీ ప్రశ్న. ఒక పేరు మగవారిదా, ఆడవారిదా అన్నది ఎవరు తేలుస్తారు? అర్థం తేలుస్తుందా? వ్యాకరణం తేలుస్తుందా? దేశాచారం తేలుస్తుందా? కిరణ్ విషయంలో ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్కటి తేల్చిందని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను, మీరే పరిశీలించండి.

మాట పుట్టుక

కిరణ అనేది సంస్కృత పదం. దీనికి మూలం ‘కౄ’ అనే ధాతువు, చల్లడం, వెదజల్లడం అని దాని అర్థం. సంకీర్ణం, ప్రకీర్ణం, వికీర్ణం అని మనం వాడే మాటలన్నీ ఆ ధాతువునుంచి వచ్చినవే. ఋగ్వేద కాలంలో కిరణమంటే వెలుగు కాదు, ధూళి, సన్నని ధూళికణం. తర్వాతి కాలపు సంస్కృతంలో వెలుగురేఖ అనే అర్థం స్థిరపడింది. ధూళి ఎక్కడ, వెలుగు ఎక్కడ అని మీకు అనిపించవచ్చు. రెండూ చల్లబడేవే కదా. ధాతువు వైపునుంచి చూస్తే ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. అయితే మన పిల్లలకు ఈ పేరు పెట్టే తల్లిదండ్రులకు ఆ పాత అర్థం చెప్పకపోవడమే మర్యాద.

సంస్కృతంలో కిరణ శబ్దం పుంలింగం. కిరణః, కిరణౌ, కిరణాః అని రామశబ్దంలాగే నడుస్తుంది. ఇక్కడ మీకు అమరకోశంలోని ఒక చమత్కారం చూపాలి. దిగ్వర్గంలో అమరసింహుడు వెలుగురేఖకు ఉన్న పర్యాయపదాలను వరుసగా చెబుతాడు. కిరణ, మయూఖ, అంశు, గభస్తి, రశ్మి, భాను, కర... ఇవన్నీ పుంలింగాలే. చివరికి వచ్చేసరికి ‘మరీచిః స్త్రీపుంసయోః, దీధితిః స్త్రియామ్’ అంటాడు. అంటే మరీచి శబ్దం స్త్రీలింగంలోనూ పుంలింగంలోనూ ఉంటుంది, దీధితి స్త్రీలింగం అని. సుమారు ఒకటిన్నర వేల ఏళ్లనాటి నిఘంటువులో, అదీ వెలుగురేఖ అనే మాట దగ్గర, ఉభయ లింగాల ప్రస్తావన ఉంది, గమనించండి. ఆ జాబితాలో పుంలింగంగా ఉన్న రశ్మి ఈ రోజు ఎవరి పేరు? అమ్మాయిల పేరు. రశ్మి అనే అబ్బాయిని మన ఊళ్లలో మీరు చూశారా? భాను సంగతి వేరు. భానుప్రకాశ్ ఉన్నాడు, భానుమతి ఉంది. ఇంట్లో ఇద్దరినీ భాను అనే పిలుస్తారు. అంశు ఉత్తరాదిన ఇద్దరికీ ఉంది. మయూఖ్ మగపిల్లవాడుగానే ఉండిపోయాడు. ఒకే శ్లోకంలో ఒకే లింగంలో ఉన్న మాటలు ఇలా నలుదిక్కులకూ ఎందుకు చెదిరాయి? సంస్కృత వ్యాకరణం ఒక్కటే కారణమైతే చెదరకూడదు కదా.

అందుకని సంస్కృతం వదిలి దేశభాషల్లోకి రావాలి. ఒక చిన్న పరీక్ష చేద్దాం. ఆశాకిరణం అనే మాట మనకు రోజూ పత్రికల్లో కనిపిస్తుంది. దీన్ని హిందీలో ఏమంటారు? ‘ఆశా కీ కిరణ్’ అంటారు. ‘కీ’ అన్నారంటే కిరణ్ స్త్రీలింగం. మరాఠీలో ‘ఆశేచా కిరణ్’ అంటారు. ‘చా’ అన్నారంటే పుంలింగం. గుజరాతీలో ‘ఆశానుం కిరణ్’ అంటారు, అంటే నపుంసకం. ఒకే సంస్కృత పదాన్ని మూడు భాషలు పక్కపక్కన కూర్చుని మూడు లింగాలుగా పంచుకున్నాయి. హిందీ మాట్లాడేవాడికి సూర్యకిరణం చిన్నప్పటినుంచీ ‘ఆమె’గానే అలవాటు. ఉర్దూలోనూ అంతే. కాబట్టి హిందీ, ఉర్దూ, పంజాబీ ప్రాంతాల్లో కిరణ్ అనే పేరు ఆడపిల్లలవైపు మొగ్గిందంటే అది వ్యాకరణం చేసిన పని. కరాచీలో బ్యాటు పట్టిన కిరణ్‌కు, మహారాష్ట్ర కుటుంబంలో పుట్టిన కిరణ్ మోరేకు మధ్య ఉన్న దూరం ఆ ‘కీ’కి, ఆ ‘చా’కి మధ్య ఉన్న దూరం.

మరి తెలుగు? ఇక్కడ కాస్త ఓపికగా వినండి, వ్యాకరణం అనగానే నిద్రపోవద్దు. తెలుగులో కిరణము అమహద్వాచకం. మన భాషలో మగవారు మహత్తు, మిగిలినవన్నీ అమహత్తు. ఏకవచనంలో స్త్రీలకు వాడే క్రియారూపం అమహత్తుకు వాడేదే. కిరణం వచ్చింది, కిరణ్మయి వచ్చింది. క్రియ ఒకటే, అవునా కాదా? కిరణ్ వచ్చాడు అన్నప్పుడే క్రియ మారుతుంది. అంటే తెలుగు వ్యాకరణం మాట విని ఉంటే, మనకు కూడా కిరణ్ అమ్మాయి పేరే కావలసింది. ‘కిరణ్ వచ్చింది’ అని చెప్పడమే మన నోటికి తేలిక కావలసింది. కాలేదు. మన దగ్గర కిరణ్ అబ్బాయి అయ్యాడు. హిందీలో వ్యాకరణం గెలిచింది, తెలుగులో వ్యాకరణం ఓడింది. ఎవరి చేతిలో ఓడిందో చెబుతాను, కొంచెం ఆగండి.

మరొక మాట. కాశీకి వెళ్లివచ్చినవారు పంచగంగా ఘట్టంలో స్నానం చేసే ఉంటారు. పంచగంగ అంటే ఏ అయిదు? గంగ, యమున, సరస్వతి, ధూతపాప, కిరణ. అక్కడ కిరణ ఒక నది, కిరణా అని దీర్ఘాంతమైన స్త్రీలింగ నామం. కాబట్టి ఆడపిల్లకు కిరణ అని పేరు పెడితే శాస్త్రంలో లేదని ఎవరైనా అంటే, కాశీకి వెళ్లి చూసి రమ్మనండి.

బెంగాల్, పంజాబ్, గుజరాత్

మాట పాతదే, పేరుగా మాత్రం కొత్తది. రాముడు, కృష్ణుడు, లక్ష్మి, పార్వతి లాగా కిరణుడు దేవుడు కాడు, ఆ పేరుతో గుడి లేదు, ముడుపు లేదు. దేవుడి పేరు పెట్టడం తప్ప మరొకటి ఎరగని కాలంలో ఇలాంటి పేరుకు చోటు దొరకదు. పువ్వులు, వెలుగులు, రాగాలు, ఋతువులు మనుషుల పేర్లుగా రావాలంటే సాహిత్యం చదివే ఒక మధ్యతరగతి పుట్టాలి. ఆ మధ్యతరగతి మన దేశంలో ముందుగా బెంగాల్‌లో పుట్టింది. బెంగాల్ కాంగ్రెస్ నాయకుడు కిరణ్ శంకర్ రాయ్ 1891లో పుట్టాడు, అంటే అప్పటికే అక్కడ మగపిల్లలకు ఈ పేరు ఉంది. బెంగాలీలో నామవాచకాలకు వ్యాకరణ లింగం లేదు, కాబట్టి కిరణ్‌ను ఏదో ఒక పక్కకు నెట్టే శక్తి ఆ భాషకు లేదు. వారు ఏమి చేశారు? సంస్కృతంనుంచి ‘నిండిన’ అనే అర్థమిచ్చే మయట్ ప్రత్యయాన్ని తెచ్చి తగిలించారు. మగవాడైతే కిరణ్మయ్, ఆడదైతే కిరణ్మయి. ఆ రాష్ట్రంలో చాలాకాలం మంత్రిగా పనిచేసిన కిరణ్మయ్ నందా మీకు వార్తల్లో తగిలే ఉంటారు.

కిరణ్మయి అనగానే ఇక్కడ పెద్దవాళ్ల ముఖాల్లో ఏదో గుర్తుకు వచ్చిన జాడ కనిపిస్తోంది. అవును, శరత్ బాబు 1917లో వెలువరించిన ‘చరిత్రహీన్’లోని కిరణ్మయి. తెలుగువాళ్లు శరత్‌ను బెంగాలీ రచయిత అని ఏనాడూ అనుకోలేదు, మన ఇంటి మనిషిగానే చదువుకున్నారు. కిరణ్మయి అనే పేరు మన ఇళ్లలోకి రావడంలో ఆ నవలకు గట్టి పాత్ర ఉందని నేను నమ్ముతాను. చదువు, అందం, తర్కం, ధిక్కారం ఉన్న ఆ పాత్ర చివరికి ఏమైందో తెలిసి కూడా ఆ పేరు పెట్టుకున్నారంటే, మనవాళ్లు పాత్ర కథను కాకుండా పేరు శబ్దాన్ని ప్రేమించారన్నమాట.

ఇక పంజాబ్ వైపు వెళదాం. కిరణ్ బేడీ 1949లో అమృత్‌సర్‌లో పుట్టి, 1972లో ఐపీఎస్‌లో చేరిన మొదటి మహిళ. పంజాబీల్లో కిరణ్ ఆడపిల్ల పేరు కావడం మనం ఇందాక చూసిన వ్యాకరణానికి తగినట్టే ఉంది. అయితే సిక్కులలో ఇంకొక సంగతి ఉంది. కిరణ్‌దీప్, కిరణ్‌జీత్, కిరణ్‌పాల్ వంటి పేర్లు అక్కడ అబ్బాయికీ పెడతారు, అమ్మాయికీ పెడతారు. ఒక్క కిరణే కాదు, హర్‌ప్రీత్, గురుప్రీత్, మన్‌దీప్, అన్నీ అంతే. ఎలా సాధ్యం? 1699లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను ఏర్పరచినప్పటి సంప్రదాయంగా మగవారి పేరు చివర సింగ్, ఆడవారి పేరు చివర కౌర్ వస్తాయి. కిరణ్‌దీప్ సింగ్ అంటే అబ్బాయి, కిరణ్‌దీప్ కౌర్ అంటే అమ్మాయి. మనిషి ఎవరో చెప్పే బాధ్యతను చివరి మాట తీసుకుంది కాబట్టి మొదటి మాటకు ఆ బరువు లేదు. అది స్వేచ్ఛగా ఇద్దరి దగ్గరికీ వెళ్లగలదు.

గుజరాత్‌లో కూడా ఇదే. కిరణ్‌భాయి ఉంటాడు, కిరణ్‌బెన్ ఉంటుంది. పేరు ఒకటే, పక్కన అన్నయ్యా, అక్కయ్యా అన్న పిలుపు మాత్రం వేరు. 1953లో బెంగళూరులో ఒక గుజరాతీ కుటుంబంలో పుట్టి, 1978లో బయోకాన్ సంస్థను స్థాపించిన కిరణ్ మజుందార్ షా ఆ సంప్రదాయంలోని మనిషే. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది కనుక మళ్లీ చెబుతాను. ఒక పేరు ఇద్దరికీ ఉమ్మడిగా ఉండాలంటే, దాని పక్కన ఆడా మగా చెప్పే మాట వేరే ఒకటి ఉండాలి. సింగ్ ఉండాలి, కౌర్ ఉండాలి. భాయి ఉండాలి, బెన్ ఉండాలి. ఆ పక్కమాట ఉన్నంతకాలం పేరుకు లింగం అక్కరలేదు. పక్కమాట పోయిన రోజున పేరు ఏదో ఒక పక్కకు ఒరిగిపోతుంది.

ఇది రాతిమీద చెక్కిన సూత్రం కాదు. ఉత్తరాదిన కూడా మగ కిరణ్‌లు ఉన్నారు. శాస్త్రీయ సంగీతాన్ని కళాశాలలకు తీసుకువెళ్లిన స్పిక్ మెకేను 1977లో ప్రారంభించిన ఆచార్య కిరణ్ సేఠ్ మగవారు. మహారాష్ట్రలో రచయిత కిరణ్ నగార్కర్ మగవారు. అదే మహారాష్ట్రలో పుట్టిన కిరణ్ నవ్‌గిరే మహిళా క్రికెటరు. 2022లో నాగాలాండ్ తరఫున ఆడుతూ టీ20 మ్యాచ్‌లో 162 పరుగులు చేసి, పొట్టి క్రికెట్‌లో నూటయాభై దాటిన మొదటి భారతీయ వ్యక్తి అయింది. మగవారిలో కూడా అప్పటికి ఎవరూ దాటలేదు సుమా! మరాఠీలో కిరణ్ పుంలింగమని ఇందాక నేనే చెప్పాను. కాబట్టి వ్యాకరణం పేరును ఒక వైపు తోస్తుందే తప్ప గొళ్లెం వేయదు.

మన దగ్గర

ఇప్పుడు మన సంగతి. తెలుగులో వ్యాకరణం ఎవరి చేతిలో ఓడిపోయిందో చెబుతానన్నాను.

మన పాత పేర్లు చూడండి. సీతయ్య, సీతమ్మ. లక్ష్మయ్య, లక్ష్మమ్మ. గంగయ్య, గంగమ్మ. ఎల్లయ్య, ఎల్లమ్మ. పోచయ్య, పోచమ్మ. వరంగల్ వైపు వెళితే మేడారం జాతర తల్లుల పేరు మీద సమ్మయ్యలు, సారయ్యలు ఎంతమందో. సీత ఎవరు? స్త్రీ. సమ్మక్క ఎవరు? స్త్రీ. మరి ఆ పేరు పెట్టుకున్న సీతయ్య గాని సమ్మయ్య గాని ఎప్పుడైనా సిగ్గుపడ్డారా? ‘ఆడపేరు పెట్టారు నాకు’ అని ఎవరైనా బాధపడటం మీరు విన్నారా? ఎందుకు బాధపడాలి? పేరులోని మొదటి ముక్క ఇద్దరిదీ. లింగం చెప్పే పని అయ్య, అమ్మ చూసుకుంటాయి. పంజాబ్‌లో సింగ్, కౌర్ చేసే పని, గుజరాత్‌లో భాయి, బెన్ చేసే పని మన ఊళ్లలో అయ్య, అమ్మ చేసేవి. ఉమ్మడి పేర్లు మనకు పడమటినుంచి వచ్చిన కొత్త వింత కాదు. మన తాత ముత్తాతల పేర్లలో సగానికి సగం ఉమ్మడి పేర్లే.

ఇరవయ్యో శతాబ్దంలో ఏమైంది? చదువుకున్నవారికి అయ్య, అమ్మ మోటుగా తోచాయి. అయ్య పోయి రావు వచ్చింది, రావు కూడా పాతబడి కుమార్, ప్రసాద్, బాబు వచ్చాయి. ఆడవారి పేర్లలో అమ్మ పోయి కుమారి, దేవి వచ్చాయి, చివరికి అవీ పోయి లత, సుధ, మాధవి మిగిలాయి. వెంకయ్య మనవడు వెంకట్ అయ్యాడు. గంగమ్మ మనవరాలు గంగాభవానీ కూడా కాలేదు, నేరుగా స్వాతి అయింది. తోకలు రాలిపోయిన తర్వాత, మొండిగా మిగిలిన పేరే తన లింగాన్ని తానే చెప్పుకోవలసి వచ్చింది. సరిగ్గా ఈ సమయంలోనే కిరణ్ మన ప్రాంతంలోకి విరివిగా వచ్చింది.

వచ్చినప్పుడు ఏ రూపంలో వచ్చింది? కిరణము అని రాలేదు. కిరణ్ అని, హిందీ ఉచ్చారణతో, హల్లుతో ఆగిపోతూ వచ్చింది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుందని చిన్నప్పుడే చదువుకున్నాం. ఆడపిల్లల పేర్లన్నీ అచ్చుతో ముగుస్తాయి. సీత, లత, వాణి, పద్మ, విజయ. హల్లుతో ముగిసే పేర్లన్నీ, కుమార్, ప్రసాద్, వినోద్, కిశోర్, ఆనంద్, ఇవన్నీ మగవారివే. తెలుగువాడి చెవికి పొల్లు హల్లు వినపడితే అది మగవాడి పేరు. విజయ్ అబ్బాయి, విజయ అమ్మాయి. అరుణ్ అబ్బాయి, అరుణ అమ్మాయి. ఈ జంటలు అలవాటైన చెవికి కిరణ్ వినపడగానే అబ్బాయి, కిరణ అంటే అమ్మాయి. వ్యాకరణం కాదు, అర్థం కాదు. ఒక పొల్లు హల్లు! వ్యాకరణాన్ని ఓడించింది ఆ పొల్లే. కన్నడంలో కూడా పరిస్థితి ఇంచుమించు ఇదే. 1952లో హాసన్ జిల్లాలో పుట్టి, 2015నుంచి 2018దాకా ఇస్రోకు అధ్యక్షులుగా ఉన్న కిరణ్ కుమార్ గారి పేరు చూడండి. మన దగ్గర 2010నుంచి 2014దాకా సమైక్య ఆంధ్రప్రదేశ్‌కు చివరి ముఖ్యమంత్రిగా ఉన్న నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి గారి పేరు చూడండి. ఇద్దరికీ పక్కన కుమార్ ఉంది. అనుమానం ఏ మాత్రం మిగలకుండా ఆ కుమార్ మేకు కొట్టేసింది.

కుమార్ తర్వాత సమాసాలు వచ్చాయి. రవికిరణ్, శశికిరణ్, సూర్యకిరణ్, ఉదయ్ కిరణ్, సాయికిరణ్. షష్ఠీ తత్పురుష సమాసాలు అనుకోండి, రవియొక్క కిరణం, శశియొక్క కిరణం. సాయికిరణ్‌లో అర్థం ఏమిటని అడగవద్దు, భక్తి అర్థాన్ని వెతకదు. 2000 ప్రాంతంలో ఉదయ్ కిరణ్ అనే యువనటుడు వరుస విజయాలతో వచ్చినప్పుడు ఆ పేరు మన కుర్రకారులో ఎంత మోగిందో మీకు తెలుసు. ఈ సమాసాల్లో కిరణ్ ఎప్పుడూ రెండో ముక్క. ఆడపిల్లల పేర్లలో కిరణ్ ఎప్పుడూ మొదటి ముక్క. కిరణ్మయి, కిరణావళి, కిరణ్ కుమారి. దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. చిత్రవీణ విద్వాంసులు రవికిరణ్ గారి పేరు సంగీతం వినేవారికి తెలుసు. ఆయన సోదరి కూడా గాత్ర విదుషీమణి. ఆమె పేరేమిటో తెలుసా? కిరణావళి. ఒకే ఇంట్లో ఒకే మాటను అన్నకు చివర పెట్టారు, చెల్లెలికి మొదట పెట్టి, ఆవళి అనే స్త్రీలింగ పదంతో ముగించారు. ఉదయనాచార్యుడు పదో శతాబ్దంలో వైశేషిక దర్శనం మీద రాసిన వ్యాఖ్యకు కూడా కిరణావళి అనే పేరు, కాబట్టి ఆ ఇంటివారి ఎంపికలో పాండిత్యం కూడా ఉంది.

ఈ పేరు ఇంతగా వ్యాపించడానికి మరొక కారణం ఉంది. అది నవ్వులాటగా అనిపించినా నిజం. మన పురోహితులు అవకహడ చక్రం చూసి, పుట్టిన నక్షత్రపాదాన్ని బట్టి పేరుకు మొదటి అక్షరం చెబుతారు కదా. మృగశిరకు వే, వో, కా, కీ. మృగశిర నాలుగో పాదంలో పిల్లవాడు పుడితే కి అక్షరంతో పేరు కావాలి. ఆ కి తో మొదలయ్యే మంచి పేర్లు ఎన్ని ఉన్నాయి? కిరణ్, కిశోర్, కిరీటి, కీర్తి. కీచకుడు ఉన్నాడు గాని ఎవరూ పెట్టుకోరు. వేళ్లమీద లెక్కపెట్టేటన్ని పేర్లలో ఒకటి కిరణ్ అయినప్పుడు ఆ పేరు వ్యాపించక ఏమవుతుంది?

శాస్త్రం మాట వచ్చింది కాబట్టి ఇంకొక సరదా సంగతి చెప్పి ముందుకు వెళతాను. ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే పారస్కర గృహ్యసూత్రం మగపిల్లవాడి పేరుకు రెండో నాలుగో అక్షరాలు, ఆడపిల్ల పేరుకు బేసి అక్షరాలు ఉండాలని, ఆడపిల్ల పేరు ఆకారంతో ముగియాలని చెబుతుంది. మనుస్మృతి కూడా ఆడపిల్ల పేరు దీర్ఘాంతంగా, సులభంగా పలికేటట్టు ఉండాలంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. కి, ర, ణ. మూడక్షరాలు, బేసి సంఖ్య, ఆడపిల్ల లెక్క. కాని చివర హ్రస్వం, మగపిల్లవాడి లెక్క. శాస్త్రం ప్రకారమే ఇది సగం సగం పేరు. హిందీవారిలాగా కి, రణ్ అని పలికితే రెండక్షరాలు, సరి సంఖ్య, పూర్తిగా మగపిల్లవాడు. కాశీ నదిలాగా కిరణా అని దీర్ఘం తీస్తే బేసి సంఖ్య, ఆకారాంతం, పూర్తిగా ఆడపిల్ల. సూత్రకారుడు మన ఊరి చెవితోనే విన్నాడేమో అనిపిస్తుంది.

మరి తెలుగు ప్రాంతంలో కిరణ్ అనే ఆడవారు లేనే లేరా? ఉన్నారు. వనపర్తి సంస్థానం కుటుంబానికి చెందిన సినీ దర్శకురాలు కిరణ్ రావు ఉన్నారు. అయితే ఆమె పెరిగింది కలకత్తాలో. కిరణ్ బేడీ పేరు మన ఇళ్లలో మోగడం వల్ల కిరణ్ అంటే మగపేరే అనే అభిప్రాయం కాస్త సడలింది. 1990లో ఆమె జీవితం స్ఫూర్తిగా వచ్చిన తెలుగు చిత్రంలో పోలీసు అధికారిణిగా నటించి విజయశాంతి జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది. ఆ రోజుల్లో చాలామంది తండ్రులు మా అమ్మాయిని కిరణ్ బేడీని చేస్తానని అనేవారు. చేస్తానన్నారు గాని, అమ్మాయికి కిరణ్ అని పేరు పెట్టినవారు ఎక్కువమంది లేరు. పెట్టినా కిరణ్మయి అనే పెట్టారు. ఆదర్శాన్ని తీసుకున్నారు, పొల్లు హల్లును మాత్రం తీసుకోలేదు. ఇక ఇంట్లో పిలుపు సంగతి వేరు. కిరణ్మయిని ఇంట్లో కిరణ్ అనే పిలుస్తారు, అవునా అమ్మాయీ? అవునట. రికార్డుల్లో విడివిడిగా ఉన్న పేరు వంటింట్లో ఉమ్మడిగానే ఉంది.

విదేశాల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఐర్లండులో కీరన్ అనే పేరు ఉంది. ఐరిష్ భాషలో దాని మూలరూపం కియారాన్, నలుపు, చీకటి అని అర్థమిచ్చే మాటనుంచి వచ్చింది. ఆరో శతాబ్దంలో క్లోన్‌మాక్‌నాయిస్ మఠాన్ని స్థాపించిన సాధువు పేరు అది. అది మగవారి పేరు. మన కిరణ్ వెలుగు, వారి కీరన్ చీకటి. ఇంగ్లండులో ఒకే తరగతి గదిలో పంజాబీ ఇంటి అమ్మాయి కిరణ్, ఐరిష్ ఇంటి అబ్బాయి కీరన్ పక్కపక్కన కూర్చుంటే, హాజరు పిలిచే ఉపాధ్యాయుడికి తేడా తెలియదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ పేరును ఇష్టపడటానికి కూడా ఈ పోలికే కారణం. అక్కడివారి నోరు తిరుగుతుంది, ఇక్కడి తాతకు అర్థం తెలుస్తుంది. అక్కడ కుమార్ అనే మేకు లేదు, పొల్లు హల్లు మగవారిదనే అలవాటు అంతకంటే లేదు. కాబట్టి మన దగ్గర అబ్బాయిగా స్థిరపడిన పేరు సముద్రం దాటాక మళ్లీ ఇద్దరిదీ అవుతోంది.

ఇక్కడ మాత్రం కిరణ్ తగ్గుముఖం పట్టిందనే అనుకుంటున్నాను. ఇప్పుడు బారసాలలకు వెళితే నాకు వినపడేవి విహాన్, అద్విక్, ఆద్య, సాన్వి. కిరణ్‌లు ఇప్పుడు తండ్రుల వయసులో ఉన్నారు, తండ్రి తరం పేరు బిడ్డకు పెట్టడం మనకు అలవాటు లేదు. తాత పేరు పెడతాం గాని తండ్రి పేరు పెట్టం. కిరణ్ తాత అయ్యేదాకా ఆ పేరు కాస్త ఎదురుచూడాలి.

ఏమిటమ్మా? మీ ప్రశ్న అందరికీ వినపడలేదు, నేను చెబుతాను. వారి మనవరాలికి కి అక్షరం వచ్చిందట, కిరణ్ అనే పెట్టవచ్చునా, తర్వాత బడిలో ఇబ్బంది అవుతుందా అని అడుగుతున్నారు. నిక్షేపంగా పెట్టవచ్చును. ఏ దరఖాస్తులోనైనా ఆడా మగా రాసే గడి విడిగా ఉంటుంది, ఆ పని ఇప్పుడు ఆ గడి చూసుకుంటుంది. శుభలేఖ మీద చిరంజీవి అని రాయాలా, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని రాయాలా అని ఎవరైనా ఒక్క క్షణం తడుముకుంటే తడుముకోనివ్వండి. అంతగా మీకు అనుమానంగా ఉంటే చివర అచ్చు చేర్చి కిరణ అనండి. లేదా ఇందాక నా జాబితాలో చెప్పడం మరచిపోయాను, కి అక్షరానికి కిన్నెర కూడా ఉంది, అమ్మాయి తల్లిదండ్రులను కూడా ఒక మాట అడిగి చూడండి.